రంగు వేయకముందే ఒక ఫోటో

(సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో స్కాలర్‌షిప్పుల లెక్క, వైద్య సాయం లెక్క, రంజాన్ రేషన్ కిట్ల లెక్క చెప్పుకుంటాం. ఈసారి మధ్యలో ఇరవై నిమిషాలు పాత కట్టడాల ఫోటోల గురించి మాట్లాడతామంటే కార్యదర్శి గారు మొదట నవ్వారు. "పిక్నిక్ ఫోటోలు సభలో చూపిస్తారా?" అన్నారు. పిక్నిక్ కాదని ఆయనకు చెప్పిన కారణమే మీకూ చెబుతాం. ఈ ప్రయాణం చివర్లో మనందరం కలిసి చేసిన ఒక తప్పు మా కెమెరాకు దొరికింది. దాన్ని మీ ముందు ఒప్పుకోవాలనే ఈ మైకు అడిగాం.

వెళ్లింది నలుగురం. రిటైరైన డ్రాయింగ్ మాస్టారు ఒకరు, ఫోటో స్టూడియో నడిపే మిత్రుడు ఒకరు, సివిల్ ఇంజనీరింగ్ చదువుతున్న కుర్రాడు ఒకడు, కారు తోలే మన సభ్యుడు ఒకరు. ఆరు రోజులు. పెట్రోలు, గదులు, భోజనాలు మా జేబుల్లోంచే. సంస్థ ఖాతాలో పడిన ఖర్చు ఒక్క హార్డ్‌డిస్క్ మాత్రమే, రసీదు ఆఫీసులో ఉంది. దాతల సభ కాబట్టి ముందే చెప్పేస్తున్నాం.

కర్నూలు నుంచి బయలుదేరాం. ఎందుకు కర్నూలంటే, 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఒక్కసారిగా ఊరి మీదికి వచ్చినప్పుడు ఎన్ని ఇళ్లలో ఎన్ని పెట్టెలు తడిశాయో మనలో చాలామందికి తెలుసు. డబ్బు పోతే మళ్లీ వస్తుంది. పెళ్లి ఆల్బమ్‌లు, తాతల దస్తావేజులు, మసీదు లెక్కల పుస్తకాలు పోయాయి. "ఉన్నప్పుడే తీసి పెట్టుకుని ఉంటే" అన్న మాట అప్పట్నుంచీ మా మాస్టారి నోట ఉంది. ఆ మాటే ఇన్నాళ్లకు మమ్మల్ని కారెక్కించింది.

మొదటి ఫోటో హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి. బీజాపూరు సుల్తానుల తరఫున కర్నూలును ఏలినవాడు ఆయన. జనం గోల్‌గుమ్మజ్ అంటారు. ఏటా ఆ పక్క నుంచే పోయే మేము లోపలికి వెళ్లి నిలబడింది అదే మొదటిసారి. ఇది సిగ్గుపడాల్సిన సంగతే. ఇటు గుమ్మటం, అటు కరెంటు తీగలు, మధ్యలో పార్కింగ్ చేసిన ఆటోలు. స్టూడియో మిత్రుడు తీగలు పడకుండా తీయాలని నేల మీద పడుకున్నాడు. మాస్టారు ఒప్పుకోలేదు. "తీగలతో సహా తీయి. ఇవాళ ఈ కట్టడం ఎలా ఉందో అదే కదా మనకు కావలసింది. అందం క్యాలెండరుకు కావాలి, మనకు సాక్ష్యం కావాలి" అన్నారు. ఆ ఒక్క గొడవతో మా ప్రయాణం రూపు మారిపోయింది.

అప్పట్నుంచి ప్రతి కట్టడానికీ ఒకే వరస. ముందు దూరం నుంచి నాలుగు ముఖాలు. తర్వాత నాలుగు మూలలు. తర్వాత దగ్గరగా తలుపులు, కమానులు, మినార్లు, పగుళ్లు, చెమ్మ ఎక్కిన చోట్లు. ప్రతిదానికీ పక్కన మా కుర్రాడు ఎరుపు తెలుపు రంగులు వేసి తెచ్చిన రెండు మీటర్ల కర్ర. ఆ కర్ర ఫోటోలో ఉంటే యాభై ఏళ్ల తర్వాత చూసినవాడు కూడా కమాను ఎత్తెంతో లెక్క కట్టగలడు. కేంద్ర పురావస్తు శాఖ చూసే చోట్ల చేత్తో పట్టుకుని తీసుకోవచ్చు గానీ, ట్రైపాడ్ పెట్టాలంటే ముందుగా అనుమతి తెచ్చుకోవాలి. తెలియక మొదటి రోజే తీసి నిలబెట్టి, కాపలాదారు చేత మర్యాదగా చీవాట్లు తిన్నాం.

మన మసీదుల విషయంలో ఇంకో చిన్న కిటుకు. మన దేశంలో ఖిబ్లా పడమర వైపు కనుక మసీదు ముఖం తూర్పుకు ఉంటుంది. ఉదయం వెళితే ముఖం వెలుగులో ఉంటుంది, సాయంత్రం వెళితే నల్లగా పడుతుంది. శాసనం చదవాలంటే మాత్రం ఉదయం ఎండ కూడా పనికిరాదు. ఎండ నేరుగా కొడితే అక్షరం చదునుగా కనిపిస్తుంది. పదకొండు దాటాక వెలుగు గోడను రాసుకుంటూ పైనుంచి కిందికి జారుతుంది. ఉబ్బెత్తుగా చెక్కిన అక్షరాలకు అప్పుడే నీడ పడుతుంది. ఆ అరగంట కోసం మెట్ల మీద కూర్చుని ఎన్ని ఛాయ్‌లు తాగామో లెక్క లేదు.

ఎమ్మిగనూరు మీదుగా ఆదోని. అక్కడి జామియా మసీదు గురించి జనం చెప్పుకునే కథ మీలో పెద్దలు విని ఉంటారు. బీజాపూరు తరఫున ఆదోనిని ఏలిన సిద్ది మసూద్ ఖాన్ ఈ మసీదు కట్టించాడు. 1688లో ఔరంగజేబు సేనాని ఫిరోజ్ జంగ్ కోటను ముట్టడించాడు. ఈయన కొడుకే తర్వాత మొదటి నిజాం అయ్యాడు. కోట ఎంతకీ లొంగకపోయేసరికి మొఘలులు ఫిరంగులను మసీదు వైపు తిప్పారట. తాను కట్టించిన మసీదుకు దెబ్బ తగలడం చూడలేక మసూద్ ఖాన్ కోటే వదులుకున్నాడట. కథలో ఎంత నిజమో చరిత్రకారులు తేలుస్తారు. మాకు నచ్చింది ఏమిటంటే, ఆదోనిలో ఛాయ్ అమ్మే మనిషి కూడా దాన్ని నిన్న జరిగినట్టు చెబుతాడు. మసీదు రాతిపని మీద చేతి వేళ్లు పెట్టి చూస్తే కోట ఎందుకు వదులుకున్నాడో కొంత అర్థమవుతుంది. అక్కడ ఒక పూట అనుకున్నది రెండు రోజులైంది.

గుత్తి కోట త్వరగా ముగించాం, ఎందుకంటే మాస్టారి మోకాళ్లు సగం కొండ దగ్గరే ఆగిపోయాయి. ఆయన కింద కూర్చుని బొమ్మ గీసుకున్నారు, మిగిలినవాళ్లం పైకెక్కి వచ్చాం. ఇక్కడ మాకు గుర్తుండిపోయింది ఒక్కటే. దత్త మండలాల కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే మొదట గుత్తిలోనే పూడ్చి, తర్వాత మద్రాసుకు తీసుకుపోయారు. ఆ సమాధి స్థలం ఇప్పటికీ ఉంది. మనిషి లేకపోయినా చోటు గుర్తుపెట్టుకోవడం ఇంగ్లీషువాళ్లకు బాగా తెలుసని మాస్టారు అన్నారు.

తాడిపత్రి, జమ్మలమడుగు దాటి గండికోట. చాలామంది అక్కడికి పెన్నా లోయ కోసం వెళతారు, అంచున నిలబడి సెల్ఫీ తీసుకుని వచ్చేస్తారు. వాళ్లను తప్పుపట్టడం లేదు. ఆ లోయ ముందు మేమూ ఒక గంట నోరు తెరుచుకుని కూర్చున్నాం. కానీ కోట లోపలికి నడవండి. ఎర్రరాతి మాధవరాయ ఆలయ గోపురం, ఎత్తు మీద రంగనాథాలయం, పెద్ద ధాన్యాగారం, దాని దగ్గర్లోనే జామియా మసీదు. ఒక దాని వాకిట్లో నిలబడితే ఇంకొకటి కనిపిస్తుంది. పెమ్మసాని నాయకుల చేతిలోంచి 1650లో మీర్ జుమ్లా ఈ కోట తీసుకున్నాడు. గోల్కొండ సుల్తాను కొలువులో ఉన్న వజ్రాల వ్యాపారి, సేనాని ఆయన. 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే ఆయనను కలవడానికి ఈ కొండ మీదికే వచ్చాడు. తన ప్రయాణాల పుస్తకంలో రాసుకున్నాడు కూడా. ఈ రాళ్ల మధ్య బేరాలు నడిచాయన్నమాట.

మసీదులో ఉదయం ఏడింటికి మేం నలుగురమే. వాకిలి చుట్టూ చిన్న చిన్న కమానుల గదులు. గచ్చు రాలిన చోట లోపలి రాయి, సున్నం పొరలు పొరలుగా కనిపిస్తున్నాయి. మా కుర్రాడికి అది కాలేజీలో దొరకని పాఠం. పాత సున్నంలో కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపేవారని పుస్తకాల్లో చదివాడు. ఇక్కడ ఆ గచ్చు మీద గోరు పెట్టి చూసి, ఇంకా గట్టిగానే ఉందని చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. గోడల మీద మాత్రం బొగ్గుతో, మేకుతో రాసిన పేర్లు. ప్రేమికుల పేర్లు, పెళ్లిబృందం పేర్లు. తమ పేరు రాతి మీద ఉండాలన్న కోరిక మనిషికి ఎంత పాతదో! ఈ మాట నవ్వుతూనే అన్నాం. రెండు రోజుల తర్వాత అది మా మీదికే తిరిగింది.

గండికోట నుంచి కడప, అక్కడి నుంచి సిద్ధవటం. పెన్నా ఒడ్డున కోట, లోపల దర్గా. అక్కడ మబ్బు పట్టడంతో ఫోటోలు సరిగా రాలేదు. మళ్లీ వెళ్లాలి.

ఇక తిరుగు దారి. ఆ ఊరి పేరు చెప్పం, అడగవద్దు. ఏడేళ్ల కిందట ఆ ఊరి మసీదు మరమ్మతుకు మన సంస్థ డబ్బు ఇచ్చింది. దారిలోనే కదా, మన డబ్బుతో జరిగిన పని కూడా ఒక ఫోటో తీసుకుందాం, సావనీరులో వేసుకోవచ్చు అని ఆగాం. నిజంగా అంతే, వేరే ఉద్దేశం లేదు.

జమాత్ పెద్దలు ఆప్యాయంగా ఎదురొచ్చారు. మసీదు మెరిసిపోతోంది. ముఖమంతా తెల్లటి టైల్స్, కమానుల చుట్టూ ఆకుపచ్చ అంచు. గుమ్మం పక్కన నల్ల గ్రానైట్ పలక, దాని మీద బంగారు రంగు అక్షరాల్లో మన సంస్థ పేరు, సంవత్సరం. ఫోటో తీసి వచ్చేసేవాళ్లమే. మా మాస్టారు గుమ్మం పైకి చూస్తూ ఉండిపోయారు. "ఇక్కడ ఒక రాయి ఉండేది కదా?" అన్నారు. ఆయన ఉద్యోగం మొదట్లో ఆ మండలంలో పనిచేశారు.

"ఉండేది సార్. ఫార్సీ రాత. ఎవరికీ చదవడం రాదు. ఎన్నోసార్లు రంగు వేసి వేసి అక్షరాలు పూడిపోయాయి. టైల్స్ లెవలుకు రాదని మేస్త్రీ దాని మీదే సిమెంటు కొట్టి అతికించాడు" అన్నారు ముతవల్లీ గారు. తర్వాత అమాయకంగా, "మీరే కదా సార్ డబ్బులిచ్చింది? బిల్లు కూడా పంపాం" అన్నారు.

ఆయన తప్పేమీ లేదు. ఆఫీసుకు వచ్చి ఆ ఫైలు తీశాం. దరఖాస్తు ఉంది, కొటేషన్ ఉంది, చెక్కు నంబరు ఉంది, పని అయ్యాక తీసిన రెండు రంగు ఫోటోలు ఉన్నాయి. పనికి ముందు మసీదు ఎలా ఉందో చూపే ఫోటో ఒక్కటి కూడా లేదు. ఎవరూ అడగలేదు. ఆ చెక్కు మీద సంతకం చేసిన ఇద్దరిలో ఒకరు ఇప్పుడు మాతోపాటు ఈ వేదిక మీదే ఉన్నారు, ఈ సంగతి చెప్పమన్నది కూడా వారే.

రాయి పోతే ఏమైందని అడగవచ్చు. అలాంటి శాసనాల్లో ఏముంటుందో కొంచెం చెప్పాలి. ఎవరు కట్టించారు, ఎప్పుడు కట్టించారు, దేనికి ఏం రాసిచ్చారు అన్నవి చాలాసార్లు అక్కడే ఉంటాయి. సంవత్సరం అంకెల్లో ఉండకపోవచ్చు. చివరి వరుసలో ఒక వాక్యం ఉంటుంది, దాని అక్షరాల విలువలు కూడితే హిజ్రీ సంవత్సరం వస్తుంది. అబ్జద్ లెక్క. అలిఫ్ ఒకటి, బే రెండు, జీమ్ మూడు అని పోతుంది. బిస్మిల్లాకు 786 వచ్చేది ఆ లెక్కతోనే. ఇందులో పెద్ద 'హే' విలువ 8. దాని మీద ఒక చుక్క పెడితే 'ఖే', విలువ 600. అంటే బ్రష్ జారి చుక్క మూసుకుపోతే దాదాపు ఆరు వందల ఏళ్ల తేడా. ఇలాంటి శాసనాలను చదివి అచ్చు వేయడానికి హైదరాబాద్ రాజ్యపు పురావస్తు శాఖలో గులాం యజ్దానీ వంటివారు జీవితమే పెట్టారు. ఇవాళ్టికీ కేంద్ర పురావస్తు శాఖకు అరబ్బీ, ఫార్సీ శాసనాల కోసమే నాగపూర్‌లో ఒక విభాగం ఉంది. మన దగ్గర మంచి ఫోటో ఉంటే పంపి చదివించుకోవచ్చు.

మన దగ్గర లేదు. ఊరివాళ్ల దగ్గర ఉందేమోనని ఇల్లిల్లూ అడిగాం. కెమెరా మెడలో వేసుకుని తిరుగుతుంటే ఒక నానీమా అరుగు మీది నుంచి, "గోడలకేం ఫోటోలు నాయనా, మనుషులకు తీయండి" అంది. తీశాం. సంతోషపడి లోపలి నుంచి ఒక ట్రంకుపెట్టె తెప్పించింది. అందులో ఆమె తమ్ముడి నిఖా ఫోటో, నలుపు తెలుపు. మసీదు గుమ్మం ముందు సెహ్రా కట్టుకున్న పెళ్లికొడుకు, చుట్టూ బంధువులు, వెనక గుమ్మం పైన ఆ రాయి! అప్పటికి రంగు అంతగా పడలేదు, మొదటి రెండు వరుసలు కంటికే కనిపిస్తున్నాయి. మూడో వరుస మాత్రం లేదు. పెళ్లికొడుకు కళ్లలో ఎండ పడుతోందని ఎవరో గొడుగు పట్టారు. ఆ గొడుగు సరిగ్గా మూడో వరుసకు అడ్డం.

ఆ ఫోటోను అక్కడే స్కాన్ చేసి, పెట్టెలోనే తిరిగి పెట్టించాం. ఫార్సీ తెలిసిన ఒక పెద్దాయన చదివి పెట్టారు. మొదటి వరుస దువా. రెండో వరుసలో మసీదుతోపాటు దారిన పోయేవారి కోసం బావి తవ్వించిన మాట ఉంది. తవ్వించిన మనిషి పేరు, సంవత్సరం మూడో వరుసలో ఉండాలని ఆయన అభిప్రాయం. ఆ బావి ఇప్పటికీ మసీదు పక్కన ఉంది, మూత వేసి ఉంది. ఊరంతా, అన్ని కులాలవాళ్లూ దాని నీళ్లే తాగామని ముసలివాళ్లు చెబుతారు. ఎవరు తవ్వించారో ఎవరికీ తెలియదు. ఆ దాత పేరు మన టైల్స్ కింద ఉంది. మన పేరు పక్కనే గ్రానైట్ మీద ఉంది.

ఇందులో ఇంకో నష్టం కూడా ఉంది, అది గోడకు. మా కుర్రాడు చెప్పిన సంగతి మా మాటల్లో చెబుతాం. సున్నపు గోడ చెమ్మ పీల్చుకుంటుంది, మళ్లీ బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు, టైల్స్, ఆయిల్ పెయింటు వేస్తే చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. లోపలే ఉండి ఉప్పు కట్టి, పాత సున్నాన్ని పిండి చేస్తుంది. బయటికి మెరుస్తూనే ఉంటుంది, లోపల గోడ పాడవుతుంది. హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు వాళ్లు చేసిన పనిలో పెద్ద భాగం ఇదే. ఇరవయ్యో శతాబ్దంలో మంచి ఉద్దేశంతోనే వేసిన సిమెంటును ఒలిచి, మళ్లీ సున్నం వేయడం. అంత పెద్ద చోట కోట్లు పెట్టి విప్పిన తప్పును మనం చిన్న ఊళ్లలో చెక్కులిచ్చి మరీ చేయిస్తున్నాం. నమాజుకు శుభ్రమైన చోటు కావాలి, వజూకు నీళ్లు కావాలి, వాన కురవని కప్పు కావాలి. వాటికి ఇవ్వండి, తప్పక ఇవ్వండి. పాత గోడ ముఖం మీద టైల్స్‌కు మాత్రం అడిగినవారిని ఒక ప్రశ్న వేయండి, ఆ గోడ మీద ఇంతకుముందు ఏముందని.

కమిటీ ముందు మేం పెట్టిన ప్రతిపాదన చిన్నది. పాత కట్టడం మరమ్మతుకు సాయం అడిగే ప్రతి దరఖాస్తుతోనూ పనికి ముందు తీసిన ఇరవై ఫోటోలు ఉండాలి. ఫోన్‌తో తీసినా చాలు. తీసుకోలేని ఊరైతే మేమే వెళ్లి తీసి వస్తాం, పెట్రోలు మాదే. మీ ఇళ్లలో పాత పెళ్లి ఫోటోలు ఉంటే, వెనక గోడో గుమ్మమో కనిపించేవి, ఆఫీసుకు తెచ్చి స్కాన్ చేయించుకోండి. అసలు ఫోటో మీ చేతికే తిరిగి ఇస్తాం.

ఆ ఊరి జమాత్ గొప్ప మనసుతో ఒప్పుకుంది. గుమ్మం పైన ఆరు టైల్స్ తీయించారు. డ్రిల్లింగ్ మిషన్ వద్దని బతిమాలుకున్నాం. సున్నం పని తెలిసిన ఒక పాత మేస్త్రీ దొరికాడు, చిన్న ఉలితో రోజుకు అరచేతి వెడల్పు సిమెంటు రాలుస్తున్నాడు. మొదటి వరుస పూర్తిగా బయటపడింది, రెండో వరుస సగం. అక్కడక్కడా అక్షరాల అంచులు సిమెంటుతోపాటే ఊడి వచ్చాయి, అది ఇక తిరిగి రాదు. మూడో వరుస ఇంకా సిమెంటు కిందే ఉంది. వచ్చే శుక్రవారం నమాజు అయ్యాక మళ్లీ నిచ్చెన వేస్తానని మేస్త్రీ కబురు పంపాడు. నానీమా ఆ రోజు తన కుర్చీ మసీదు ఎదురుగా వేయించుకుంటుందట. ఎండగా ఉంటే గొడుగు మాత్రం పట్టుకోనని మరీ మరీ చెప్పమంది.